సొంతంగా పియానో బాణీ – 3వ పాఠం: ఎడమచేతిని కుదురుగా ఉంచడం

పోయిన పాఠంలో సి ని షడ్జమంగా (స గా) పెట్టుకుని, మోహన రాగ స్వరాలతో (సి, డి, ఇ, జి, ఎ) కుడిచేతికి చిన్న చిన్న పలుకులు (బాణీ ముక్కలు) కట్టాం. వాటిని వాయించి చూసిన చాలామందికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. పలుకు బాగానే ఉంది, మరి మనసు నెమ్మదించదేం? ఆ పని బాణీది కాదు, ఎక్కువ భాగం ఎడమచేతిది. ఎడమచేయి ఒకే నడకలో కుదురుగా ఉంటే, కుడిచేయి ఎంత తక్కువ వాయించినా సరిపోతుంది.

ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సాటీ 1888లో రాసిన ‘మొదటి జిమ్నోపెడీ’ అనే పియానో రచన ఒకసారి వినండి. మూడు లెక్కల తాళం. ఒకటో లెక్కకు కింద ఒక బేస్ స్వరం, రెండో లెక్కకు పైన మెత్తగా ఒక కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు), మూడో లెక్కకు కొత్తగా ఏమీ లేదు. మొదట్లో రెండు కార్డ్‌లే వంతులవారీగా వస్తుంటాయి. నాలుగు బార్లు (ఇక్కడ బార్ అంటే మూడు లెక్కల ఒక చుట్టు) గడిచాక గానీ బాణీ మొదలవదు, అదీ రెండో లెక్క మీద.

సాటీ దాన్ని డి మేజర్‌లో, అంటే డి ని ఆధార స్వరంగా పెట్టుకుని రాశాడు. నల్ల కీల జోలికి పోకుండా మనం సి లోకి దించుకుందాం. 61 కీల కీబోర్డులో ఎడమ చివర ఉన్న కీ సి, అక్కడి నుంచి నాలుగో తెల్ల కీ ఎఫ్. ఇవే మన బేస్ స్వరాలు. కార్డ్‌లు మధ్య సి చుట్టూ వస్తాయి.

మొదటి బార్: బేస్ ఎఫ్, కార్డ్ ఎ–సి–ఇ.
రెండో బార్: బేస్ సి, కార్డ్ జి–బి–ఇ.

వేళ్లను గమనించండి. ఇ కదల్లేదు. ఎ, సి మాత్రం ఒక్కో తెల్ల కీ కిందికి జారి జి, బి అయ్యాయి. వినేవాళ్లకు కార్డ్ మారినట్టు తెలుస్తుంది గానీ కుదుపు ఉండదు. మెట్రోనోమ్ (లెక్క కొట్టే పరికరం) నిమిషానికి 66 లెక్కల దగ్గర పెట్టి, ఈ రెండు బార్లనే విసుగు పుట్టేదాకా వాయించండి. నిజంగానే విసుగు పుట్టాలి, ఆ తర్వాతే చేయి దానంతట అది నడుస్తుంది.

బేస్ నుంచి కార్డ్‌కు చేయి ఎగరాలి కాబట్టి బేస్‌ను పట్టి ఉంచేది సస్టెయిన్ పెడలే. కొత్త బేస్ మోగే క్షణంలో పాదం ఎత్తి, వెంటనే మళ్లీ నొక్కాలి. ముందే నొక్కితే పాత కార్డ్ కొత్త బార్‌లోకి పొంగి అంతా కలగాపులగం అవుతుంది.

ఇక ఐదో బార్ నుంచి కుడిచేయి. ఒకటో లెక్క ఖాళీ, తర్వాత సి, డి. ఆరో బార్‌లో ఇ, మూడు లెక్కలూ. ఏడులో మళ్లీ ఖాళీ, డి, సి. ఎనిమిదిలో కిందికి దిగి జి మీద ఆగండి. కుడిచేయి కార్డ్ కంటే కొంచెం గట్టిగా వినిపించాలి. కీబోర్డులో టచ్ రెస్పాన్స్ (నొక్కే బలాన్ని బట్టి శబ్దం పెంచి తగ్గించే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే ఎంత ప్రయత్నించినా ఈ తేడా రాదు, ముందు అది చూసుకోండి.

ఇంతవరకూ హాయిగానే ఉంది, కానీ ఇలాగే వదిలేస్తే లిఫ్టులో మోగే మ్యూజిక్ అయిపోతుంది. సాటీ తన రచన మీద పెట్టిన సూచన ‘నెమ్మదిగా, బాధగా’ అని. రెండో సగం చివర వెలుగుగా వినిపించే మేజర్ కార్డ్ వస్తుందనుకున్న చోట విచారంగా వినిపించే మైనర్‌తో ముగించాడు కూడా. మనకూ అలాంటి చిన్న నొప్పి ఒకటి కావాలి.

పలుకును రెండుసార్లు ఉన్నదున్నట్టు వాయించండి. మూడోసారి ఆఖరి బార్‌లో బేస్ సి బదులు, మొదట వాయించిన ఎఫ్‌కు పైనున్న ఎ. కార్డ్‌లో బి ని సి కి జరపండి, అంతే. కుడిచేతిలో అదే జి. ఇంతకుముందు ఇల్లు చేరినట్టున్న జి ఇప్పుడు ఏదో మిగిలిపోయినట్టు వినిపిస్తుంది. ఇక్కడ గట్టిగా వాయించాలనిపిస్తుంది, వద్దు. ఇంకా మెత్తగా వాయించి, తర్వాతి బార్‌కు వెళ్లేముందు అర లెక్క ఆలస్యం చేయండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఇదే ఎడమచేతి మీద మీ సొంత పలుకు ఒకటి రాసి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ప్రతి నాలుగు బార్లలో కనీసం రెండుచోట్ల కుడిచేయి ఖాళీగా ఉండాలి. ఎ బేస్‌ను మాత్రం ఒక్కసారికి మించి వాడొద్దు. నాలుగో పాఠంలో మధ్యభాగం కడదాం, నల్ల కీలు అప్పుడు ముట్టుకుందాం.