పాత ఇంగ్లండు బండి ఇంజన్ విప్పే ముందు పానాలు చూసుకోండి

ఇంట్లో తాతలనాటి బీఎస్ఏయో ట్రయంఫో మోటారుసైకిలు ఉండి, ఇంజన్ మనమే విప్పుదామనుకునేవాళ్లకి ఒక మాట. 1960ల తొలినాళ్ల దాకా వచ్చిన ఆ బళ్ల నట్లకి మన మిల్లీమీటరు పానాలు చాలామటుకు సరిపడవు. వాటిది విట్‌వర్త్ అనే పాత ఇంగ్లండు అంగుళాల కొలత. పావంగుళం విట్‌వర్త్ నట్టు తల 13.3 మిల్లీమీటర్లు. 13 ఎక్కదు, 14 వదులు. "ఏటవుద్దిలే" అని 14 పెట్టి లాగితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోద్ది. ఆపైన ఉలీ సుత్తే గతి. నాకలాగే రెండు పోయాయి. 3/8 అంగుళం దానికి మాత్రం 18 బాగానే పడుతుంది. ఇంకో తిరకాసు, విట్‌వర్త్ పానా మీది అంకె నోటి వెడల్పు కాదు, బోల్టు లావు.

కొత్త సెట్టు కొనేముందు నెల్లిమర్ల వైపు జూట్ మిల్లుల్లో చేసిన పాత ఫిట్టర్లని అడిగి చూడండి, అటకమీద ఉంటే ఉండొచ్చు. విజయనగరంలో పాత ఇనుము కొట్లు కూడా ఓసారి తిరగండి.

బిగుసుకున్న నట్లకి ముందురోజు రాత్రే డీజిల్ పట్టించండి. అన్నట్టు, రెండు సిలిండర్ల ఇంజనైతే క్రాంకు లోపల మడ్డి చేరే గొట్టం ఉంటుంది. అది కడగకుండా మాత్రం మూయొద్దు.