గ్నోమ్ డెస్క్‌టాప్‌ను జనం సులువుగా వాడేలా మార్చడం ఎలా? ఐదుగురితో పరీక్ష, పనికొచ్చే రిపోర్టు

ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్‌ల మీద ఫిర్యాదులకు కొదవ లేదు. "ఏదీ దొరకదు", "విండోస్‌లో ఇలా ఉండదు" అని ఎవరైనా అంటారు. ఆ మాటలు పట్టుకుని డెవలపర్ చేయగలిగింది ఏమీ లేదు. ఫలానా మనిషి ఫలానా పని చేయబోయి, ఫలానా చోట ఆగిపోయి, ఫలానా బటన్ కోసం వెతికాడు అని రాసిస్తే మాత్రం దాని మీద పని మొదలవుతుంది. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ చేసింది అదే. లైనక్స్ కంప్యూటర్లలో కనిపించే డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 1.4ను మామూలు వాడుకరుల ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ తడబడ్డారో నివేదికగా బయటపెట్టింది. 2002లో వచ్చిన గ్నోమ్ 2.0 వెనకా, ఆ కాలంలోనే తయారైన ఇంటర్‌ఫేస్ మార్గదర్శకాల వెనకా ఆ పరీక్ష ఉంది.

అలాంటి పరీక్షకు కంపెనీ అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, 8 జీబీ పెన్‌డ్రైవ్, నోట్‌బుక్, మాట్లాడేది రికార్డు చేయడానికి ఒక ఫోన్, ఐదుగురు మనుషులు ఉంటే చాలు. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు.

1. దేన్ని పరీక్షిస్తున్నారో ముందే తేల్చుకోండి

ఉబుంటు అనే లైనక్స్‌లో కనిపించేది అచ్చమైన గ్నోమ్ కాదు. ఎడమ పక్కన ఎప్పుడూ ఉండే డాక్, విండో మీద మినిమైజ్, మాక్సిమైజ్ బటన్లు, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఉబుంటు వాళ్లు చేర్చుకున్నవి. వాటి మీద రిపోర్టు గ్నోమ్‌కు పంపితే "ఇది మాది కాదు" అని మూసేస్తారు. గ్నోమ్ కోసం చేసే పరీక్షకు ఫెడోరా వర్క్‌స్టేషన్ అనే లైనక్స్ మంచిది, మార్పులు దాదాపు లేకుండా ఇస్తుంది. ఇంకా విడుదల కాని కొత్త రూపం చూడాలంటే గ్నోమ్ ఓఎస్ ఇమేజ్‌ను బాక్సెస్ అనే యాప్‌లో నడపొచ్చు.

మొత్తం డెస్క్‌టాప్‌ను ఒకేసారి పరీక్షించాలని చూడకండి. ఫైల్స్ యాప్, సెట్టింగ్స్, తెలుగు టైపింగ్ లాంటి రెండు మూడు భాగాలు ఎంచుకోండి.

2. యంత్రం సిద్ధం చేయడం

ఫెడోరాను ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపితే ఒక సౌకర్యం ఉంది. రీస్టార్ట్ చేయగానే ముందు మనిషి చేసిన మార్పులన్నీ పోతాయి. ఇన్‌స్టాల్ చేసిన యంత్రమైతే ఒక్కొక్కరికీ కొత్త యూజర్ అకౌంట్ తెరవండి. మీ సొంత అకౌంట్ ఇవ్వొద్దు. మీరు అలవాటుగా వేసుకున్న ఎక్స్‌టెన్షన్లు, మార్చుకున్న షార్ట్‌కట్‌లు పరీక్షను పాడుచేస్తాయి. ఫాంట్ సైజుతో సహా ఏ డిఫాల్టూ మార్చకూడదు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో 10 ఫోటోలు, 3 పీడీఎఫ్‌లు, 2 టెక్స్ట్ ఫైళ్లు పెట్టండి. వీలైతే 1366×768 స్క్రీన్ ఉన్న పాత ల్యాప్‌టాప్ వాడండి. మన ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ తిరుగుతున్నవి అవే. పెద్ద మానిటర్ ముందు కూర్చునే డెవలపర్‌కు కనబడని ఇరుకు అక్కడ బయటపడుతుంది. టచ్‌ప్యాడ్ అలవాటు లేనివారికి మౌస్ ఇవ్వండి, లేకపోతే మీరు టచ్‌ప్యాడ్‌ను పరీక్షిస్తున్నట్టవుతుంది.

స్క్రీన్ రికార్డింగ్‌కు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే గ్నోమ్‌లోనే సదుపాయం ఉంది. అందులో మాట రికార్డు కాదు, అందుకే ఫోన్ పక్కన పెట్టుకోమన్నది.

3. పనులు రాయడం

పరీక్ష నిలిచేదీ కూలేదీ ఇక్కడే. 6 నుంచి 8 పనులు, మొత్తం 40 నిమిషాల లోపు అయ్యేలా రాసుకోండి. ఒక్కో పని ఒక్కో చీటీ మీద ఉండాలి. ముఖ్యమైన నియమం ఒకటే: స్క్రీన్ మీద ఉన్న పదం చీటీలో ఉండకూడదు. "సెట్టింగ్స్‌లో నైట్ లైట్ ఆన్ చేయండి" అని రాస్తే, ఆ మనిషి ఆ రెండు పదాల కోసం కళ్లతో గాలిస్తాడు. అది చదవడం వచ్చో రాదో తెలుసుకునే పరీక్ష. "రాత్రిపూట తెర వెలుగు కళ్లకు ఇబ్బందిగా ఉంది, ఏదైనా చేయగలరేమో చూడండి" అని రాస్తే ఎక్కడికి వెళ్తాడో తెలుస్తుంది.

తెలుగు వాడుకరుల కోసం ఇలాంటివి వాడొచ్చు:

పెళ్లి ఫోటోలు డౌన్‌లోడ్స్‌లో కలగాపులగంగా ఉన్నాయి. మొదటి నాలుగింటిని ఒకచోట చేర్చి దానికి "పెళ్లి" అని పేరు పెట్టండి.

పొరపాటున ఒక ఫోటో తీసేశారు. వెనక్కి తెచ్చుకోండి. (ముందు వాళ్లతోనే ఒకటి తీయించండి.)

అమ్మకు తెలుగులో రెండు వాక్యాల ఉత్తరం టైప్ చేసి దాచండి.

మీరు టీకి లేస్తున్నారు. వేరేవాళ్లు చూడకుండా తెర మూసి, తిరిగి వచ్చి పని కొనసాగించండి.

ఆఖరి పనిని ఉత్తరం టైప్ చేసిన వెంటనే పెట్టండి. దీనికి పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్ కావాలి కాబట్టి లైవ్ కాకుండా ఇన్‌స్టాల్ చేసిన యంత్రం వాడండి. కీబోర్డు తెలుగులో ఉండగా తెర లాక్ అయితే పాస్‌వర్డ్ ఎలా కొడతారో చూడాలి. ఇంగ్లిష్ ఒక్కటే వాడే డెవలపర్‌కు ఈ పరిస్థితి జన్మలో ఎదురుకాదు.

తెలుగు టైపింగ్ పనికి ముందు ఒక నిర్ణయం తీసుకోండి. సెట్టింగ్స్‌లో కీబోర్డు భాగంలోకి వెళ్లి తెలుగు చేర్చుకోవడమే పరీక్షా, లేక చేర్చి ఇచ్చాక సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కి భాష మార్చుకోవడం పరీక్షా? రెండూ వేర్వేరు చీటీలు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక రానివారికి ఆర్‌టీఎస్ లాంటి ఇంగ్లిష్ అక్షరాల పద్ధతి కావాలి. జాబితాలో అది కనబడకపోతే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. పరీక్ష రోజు పొద్దున కాదు, ముందు రోజే చూసుకోండి.

చీటీలన్నీ రాశాక ఒకరి మీద ప్రయోగించి, అర్థంకాని వాక్యాలు సరిచేయండి. ఆ మొదటి మనిషి లెక్కలోకి రాడు.

4. ఐదుగురిని వెతకడం

ఇలాంటి పరీక్షల నిపుణుడు యాకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం, ఒక్కో వాడుకరి ఒక్కో సమస్యను ఎదుర్కొనే అవకాశం 31 శాతం అనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఆ 31 అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి 85ను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. అయినా నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి అవే తడబాట్లు మళ్లీ కనిపించడం మొదలవుతుంది.

కంప్యూటర్ రోజూ వాడేవారు, లైనక్స్ ఎరగనివారు కావాలి: డీటీపీ సెంటర్‌లో పనిచేసేవారు, మీసేవ కౌంటర్‌లో కూర్చునేవారు, స్కూలు టీచర్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు. మీ లైనక్స్ స్నేహితులు ఐదుగురినీ పిలిస్తే సమస్య ఒక్కటీ కనబడదు, అందరూ సంతోషంగా ఇంటికి వెళ్తారు.

5. పక్కన కూర్చుని నోరు మూసుకోవడం

మొదటే చెప్పండి: "మిమ్మల్ని పరీక్షించడం లేదండీ, ఈ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్నాం. మీకు ఏదైనా దొరకలేదంటే తప్పు దానిదే." ఈ మాట చెప్పకపోతే పెద్దవాళ్లు "నాకు ఇవన్నీ రావు బాబూ" అని మొహమాటపడి మౌనంగా ఉండిపోతారు. మనసులో అనుకునేది పైకి అంటూ ఉండమని అడగండి.

"ఇది నొక్కనా?" అని అడిగితే "ఇంట్లో మీరొక్కరే ఉంటే ఏం చేసేవారు?" అని తిరిగి అడగండి. తల ఊపడం, మౌస్ వైపు చూడడం కూడా సాయం కిందకే వస్తాయి. మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. పక్క గదిలోంచి పిల్లలొచ్చి "అక్కడ నొక్కు అత్తా" అని చెప్పేస్తారు. ఆ ఒక్క మాటతో ఆ చీటీ పోయినట్టే, అందుకని తలుపు వేసుకోండి. మూడు నిమిషాలు కదలిక లేకపోతే "పోనివ్వండి, తర్వాతది చూద్దాం" అనేయండి.

నోట్‌బుక్‌లో పేజీని రెండుగా గీయండి. ఎడమ పక్క చూసింది: "కుడి క్లిక్ చేశారు, మెనూ చదివారు, మూసేశారు, మళ్లీ కుడి క్లిక్." కుడి పక్క మీకు అనిపించింది: "కొత్త డాక్యుమెంట్ ఆప్షన్ కోసం వెతికారు కాబోలు." ఈ రెండూ కలిసిపోతే తర్వాత విడదీయలేరు.

6. రంగుల పట్టిక

ఫ్రీడాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన జిమ్ హాల్ గ్నోమ్ పరీక్షల్లో వాడిన పద్ధతి ఇది. అడ్డ వరుసల్లో పనులు, నిలువు వరుసల్లో మనుషులు. తేలిగ్గా చేస్తే ఆకుపచ్చ, కాస్త తడబడితే పసుపు, ఇబ్బంది పడితే నారింజ, చాలా కష్టపడితే ఎరుపు, చేయలేకపోతే నలుపు. ఒక నిలువు వరుస మొత్తం ఎర్రగా ఉంటే ఆ మనిషికి ఆరోజు కుదరలేదు. ఒక అడ్డ వరుస ఎర్రగా ఉంటే డిజైన్‌లో లోపం ఉంది. మీకు కావలసినది అడ్డ వరుసలే.

వాడటం ఎంత సులువో స్కోరుగా చెప్పే, 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన ఎస్‌యూఎస్ ప్రశ్నావళి కూడా చాలామంది వాడతారు. 10 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. బేసి వాక్యాల జవాబులోంచి 1 తీసేయాలి, సరి వాక్యాల జవాబును 5లోంచి తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. 68 దగ్గర సగటు. ఐదుగురి స్కోరుకు బలం తక్కువ, పైగా ఏం బాగుచేయాలో అది చెప్పదు. పట్టిక చాలు.

7. ఎందుకు ఆగారు?

ఆగిపోవడం నాలుగు రకాలు. ఏ రకమో తేల్చకుండా పరిష్కారం రాయకండి.

దొరకకపోవడం మొదటిది. ఫైల్స్‌లో కుడి క్లిక్ చేస్తే కొత్త డాక్యుమెంట్ అనే ఆప్షన్ రాదు. టెంప్లేట్స్ ఫోల్డర్‌లో కనీసం ఒక ఫైల్ ఉంటేనే వస్తుంది. విండోస్ నుంచి వచ్చినవారు ఆ మెనూను పదేపదే తెరిచి చూస్తారు. అక్కడ లేనిదాన్ని ఎంత చూసినా దొరకదు.

రెండోది, కనిపించినా అర్థంకాకపోవడం. ఐకాన్ ఒక్కటే ఉండి పేరు లేని బటన్లు, అనువాదం కృతకంగా ఉన్న మెనూలు ఈ కోవలోవి.

మూడోది, అర్థమైనా చేయి తిరగకపోవడం: డ్రాగ్ చేస్తుంటే జారిపోవడం, గీత సన్నగా ఉండి మౌస్‌కు అందకపోవడం.

నాలుగోది జనం తక్కువగా గమనించేది. పని అయిపోయింది, అయినట్టు తెలియదు. గ్నోమ్ సెట్టింగ్స్‌లో మార్పు చేసిన క్షణమే అమల్లోకి వస్తుంది, సేవ్ బటన్ ఉండదు. నైట్ లైట్ ఆన్ చేశాక కూడా ఓకే బటన్ కోసం కిందికీ పైకీ వెతుకుతూ కూర్చుంటారు. పని పూర్తయింది కాబట్టి ఆకుపచ్చ అని రాసేస్తే ఈ సమస్య మాయమైపోతుంది. ఆ వెతుకులాటకు పసుపు ఇవ్వండి.

తెలుగు ఇంటర్‌ఫేస్ పెట్టి చేస్తే ఇంకొన్ని కళ్లు పెట్టి చూడాలి. తెలుగు మాటలు పొడవై బటన్‌లో పట్టక చుక్కలతో తెగిపోతున్నాయా? వరుస ఎత్తు చాలక వత్తులు కింద కోసుకుపోతున్నాయా? ఇవి ఎవరూ నోటితో చెప్పరు, స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

8. రిపోర్టు

గ్నోమ్ పని అంతా దాని సొంత గిట్‌ల్యాబ్‌లో, అంటే కోడ్, సమస్యల రిపోర్టులు ఉండే సైట్‌లో నడుస్తుంది. ఒక్కో యాప్‌కు వేరే ప్రాజెక్టు, కాబట్టి ఫైల్స్ సమస్య ఫైల్స్‌లోనే రాయాలి. ముందు వెతకండి, మూసేసిన రిపోర్టుల్లో కూడా. ఒక రిపోర్టుకు ఒకే సమస్య. ఐదుగురిలో కనీసం ఇద్దరు ఆగినవాటితో మొదలుపెట్టండి.

"ఫైల్స్ వాడటం కష్టంగా ఉంది" అనేది శీర్షిక కాదు. "తీసేసిన ఫైల్‌ను వెనక్కి తేవడంలో ఐదుగురిలో ముగ్గురు ట్రాష్‌ను గుర్తించలేదు" అనేది శీర్షిక. కింద గ్నోమ్ వెర్షన్, డిస్ట్రో (ఫెడోరానా, ఉబుంటునా), స్క్రీన్ సైజు, చీటీలో రాసిన వాక్యం, వాళ్లు వేసిన అడుగులు వరుసగా, ఒక చిన్న వీడియో ముక్క. ముఖాలు, పేర్లు, గొంతులు వద్దు. వీడియో పెట్టే ముందు అనుమతి అడగండి. ఇంగ్లిష్‌లోనే రాయాలి, చిన్న చిన్న వాక్యాలు చాలు.

పరిష్కారాన్ని ఆజ్ఞలా రాయకండి. మినిమైజ్ బటన్ డిఫాల్ట్‌గా లేకపోవడం గ్నోమ్ తెలిసి తీసుకున్న నిర్ణయం. "తిరిగి పెట్టండి" అంటే గంటలో మూసేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ బటన్ లేక ఏ పని ఎక్కడ తెగిందో రాస్తే చర్చకు దారి ఉంటుంది. కొత్త సదుపాయాల ఆలోచనలకు గిట్‌ల్యాబ్ కాకుండా గ్నోమ్ డిస్కోర్స్ వేదిక సరైన చోటు.

సమయం కూడా చూసుకోండి. గ్నోమ్ మార్చిలో, సెప్టెంబరులో విడుదలవుతుంది. బీటా వచ్చే ఫిబ్రవరి, ఆగస్టు మొదట్లోనే ఇంటర్‌ఫేస్ మార్పులకు తలుపు మూస్తారు. ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో రాస్తే చదివే తీరిక వాళ్లకుంటుంది.

మీరు వాడేది కేడీఈ ప్లాస్మా అనే ఇంకో లైనక్స్ డెస్క్‌టాప్ అయితే దాని సొంత బగ్‌జిల్లాలో, అంటే లోపాలు నమోదు చేసే సైట్‌లో రాయాలి. 2022 జనవరిలో వాళ్లు మొదలుపెట్టిన 15 నిమిషాల బగ్‌ల కార్యక్రమం సరిగ్గా ఇలాంటివాటి కోసమే. కొత్తగా కూర్చున్న మనిషికి పావుగంటలో ఎదురయ్యే లోపాలను ముందు సరిచేయడం దాని లక్ష్యం.

9. మీ చేతిలో ఉన్న మరమ్మతులు

కొన్ని సమస్యలకు ఎవరినీ బతిమాలనక్కర్లేదు. యాప్‌లను వెతికే యాక్టివిటీస్ తెరలో ఒక మాట టైప్ చేస్తే యాప్ రాలేదనుకోండి. ప్రతి యాప్‌కు ఉండే డెస్క్‌టాప్ ఫైల్‌లో కీవర్డ్స్ అనే వరుస ఉంటుంది, వెతుకులాట దాన్ని కూడా చూస్తుంది. జనం నిజంగా టైప్ చేసిన మాటలు మీ నోట్‌బుక్‌లో ఉన్నాయి కదా, అవే అక్కడికి చేరాలి. తెలుగు మాటలైతే అనువాద ఫైల్‌లోనే ఆ వరుస ఉంటుంది. మాటల మధ్య సెమికోలన్, చివర కూడా సెమికోలన్ తప్పనిసరి. చివరిది మరచిపోవడమే తరచూ జరిగే పొరపాటు. సెమికోలన్‌కు బదులు కామా పెట్టినా వరుస పాడవుతుంది.

అనువాదాలు డ్యామ్డ్ లైస్ అనే గ్నోమ్ వేదిక ద్వారా వెళ్తాయి. అక్కడ తెలుగు జట్టులో చేరి, మాడ్యూల్‌ను (అనువదించే యాప్‌ను) మీ పేర రిజర్వ్ చేసుకుని, ఫైల్ దించుకుని, సరిచేసి ఎక్కించాలి. రిజర్వ్ చేయకుండా మొదలుపెడితే ఇంకొకరు అదే ఫైల్ మీద పనిచేసి ఇద్దరి శ్రమా వృథా అవుతుంది.

ఇంకో అడుగు వేయగలిగితే, గ్నోమ్ బిల్డర్ అనే ప్రోగ్రామింగ్ యాప్‌లో యాప్ సోర్స్ తెరిచి రన్ నొక్కితే అవసరమైనవన్నీ అదే తెచ్చుకుని నడుపుతుంది. ఐకాన్ బటన్‌కు టూల్‌టిప్ (మౌస్ పెడితే కనబడే చిన్న పేరు) చేర్చడం లాంటి ఒకటి రెండు లైన్ల మార్పుతో మొదలుపెట్టండి.

10. మార్పు వచ్చాక

అదే చీటీ, అక్షరం మార్చకుండా, కొత్తవాళ్లు ముగ్గురికి ఇవ్వండి. పాత ఐదుగురిని పిలవకండి, దారి వాళ్లకు ఇప్పటికే తెలిసిపోయింది. ఫలితం పాత రిపోర్టు కిందే రాయండి, నలుపు పసుపైనా సరే, నలుపు నలుపుగానే ఉన్నా సరే.