కంప్యూటర్‌లో క్యాలెండర్ రీసెట్ చేయడం ఎలా? ఫోన్‌తో సింక్ కాకపోతే ఎక్కడ చూడాలి?

క్యాలెండర్ సింక్ కావట్లేదనగానే చాలామంది యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకుంటారు. అది అన్నిటికన్నా చివర్లో చేయాల్సిన పని. రీసెట్ నొక్కే ముందు మీకు ఒక్క సంగతి తెలియాలి: మీ తేదీలు అసలు ఎక్కడ దాచి ఉన్నాయి?

ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ కనబడేది మామూలుగా నకలే. అసలు పద్దు గూగుల్ దగ్గరో, ఐక్లౌడ్‌లోనో, మైక్రోసాఫ్ట్ దగ్గరో ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతు చేతికిచ్చిన తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన చీటీ, పోయినా అడ్తి దుకాణం పద్దు చూసి ఇంకోటి రాయించుకోవచ్చు. ఆ పద్దులో ఎక్కకపోతే మాత్రం చేతిలోని కాగితమే దిక్కు. రీసెట్ అంటే ఆ కాగితాన్ని చించేయడం. అందుకే ముందు పద్దు చూడాలి.

మొదట బ్రౌజర్

కంప్యూటర్‌లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ తెరిచి మీ ఖాతాతో లాగిన్ అయి గూగుల్ క్యాలెండర్ చూడండి. ఆపిల్ వాడేవాళ్లు ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉన్నవాళ్లు ఔట్‌లుక్ వెబ్‌సైట్‌లో చూడాలి. కనబడకుండా పోయిన తేదీ అక్కడ ఉందా?

ఉంటే టెన్షన్ అక్కర్లేదు, తప్పు కంప్యూటర్‌లోని యాప్‌దే. రీసెట్ చేసినా ఏమీ పోదు. లేకపోతే ఆగండి. ఆ తేదీ ఒక్క ఫోన్‌లోనే ఉందన్నమాట, అలాంటప్పుడు కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా రాదు.

ఈ రెండో రకం మనవైపు చాలా ఎక్కువ. హన్మకొండ కోర్టులో ఒక జూనియర్ వకీలు సంగతే చూడండి. వాయిదా తేదీలన్నీ ఎప్పటికప్పుడు ఫోన్‌లో ఎక్కిస్తాడు. ఆఫీసు కంప్యూటర్‌లో సీనియర్‌కు ఒక్కటీ కనబడదు. "ఫోన్ల ఉంది సార్, కంప్యూటర్ల వస్తలేదు" అంటాడు. ఫోన్‌లో ఒక వాయిదాను తెరిచి కిందికి జరిపితే చిన్న రంగు చుక్క, దాని పక్కన ఒక పేరు ఉంటాయి. అక్కడ జీమెయిల్ అడ్రస్ ఉండాలి. ఈయన ఫోన్‌లో "మై క్యాలెండర్" అని ఉంది. అది ఫోన్ సొంత క్యాలెండర్. ఏ సర్వర్‌కూ, అంటే అసలు పద్దు ఉండే కంపెనీ కంప్యూటర్‌కూ, వెళ్లదు. ఫోన్ పోతే దాంతోపాటే పోతుంది.

దీనికి మందు ఫోన్‌లోనే ఉంది. కొత్త తేదీ రాసేటప్పుడు క్యాలెండర్ పేరు మీద నొక్కి జీమెయిల్ ఖాతాను ఎంచుకోండి. పాతవాటిని తెరిచి, ఎడిట్‌లో ఖాతా మార్చే వీలుంటే మార్చండి. లేదంటే ముందున్న తేదీల వరకైనా ఓపికగా మళ్లీ రాసుకోండి. అయిపోయిన వాయిదాలతో పనేముంది?

యాప్‌ను ముట్టుకోకముందే చూడాల్సినవి

గడియారం. సిస్టమ్ తేదీ, టైమ్ తప్పుగా ఉంటే సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరదు, సింక్ అక్కడే ఆగుతుంది. విండోస్‌లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, డేట్ అండ్ టైమ్‌లోకి వెళ్లి ఆటోమేటిక్‌గా సెట్ అయ్యేలా పెట్టి "సింక్ నౌ" నొక్కండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న యూటీసీ +5:30 కావాలి. పాత డెస్క్‌టాప్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్తుంటే అది క్యాలెండర్ జబ్బు కాదు. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సెల్ అయిపోయింది. ఎక్కువ బోర్డుల్లో అది సీఆర్ 2032 రకం. చౌరస్తాలో ఏ కంప్యూటర్ షాపువాళ్లైనా నిమిషాల్లో మార్చేస్తారు.

టిక్కు. యాప్‌లో ఎడమ పక్క క్యాలెండర్ల జాబితా ఉంటుంది. అందులో పేరు పక్కన టిక్కు తీసేసి ఉంటే తేదీలు ఉన్నా కనబడవు. నవ్వొచ్చేంత చిన్న విషయం, కానీ చూడకుండా ముందుకు పోవద్దు.

పాస్‌వర్డ్. ఈమధ్య జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చారా? అయితే కంప్యూటర్ యాప్ ఇంకా పాతదాంతోనే తలుపు కొడుతూ ఉండొచ్చు. ఖాతా దగ్గర హెచ్చరిక కనిపిస్తే మళ్లీ సైన్ ఇన్ అయితే చాలు.

విండోస్‌లో రీసెట్

పాత "మెయిల్ అండ్ క్యాలెండర్" యాప్‌నే ఇంకా పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఒక మాట. మైక్రోసాఫ్ట్ దానికి 2024 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. దాన్ని రిపేర్ చేస్తూ పూట పాడుచేసుకోవద్దు. కొత్త ఔట్‌లుక్‌కు మారండి, లేదా బ్రౌజర్‌లోనే వాడుకోండి.

కొత్త ఔట్‌లుక్ మొరాయిస్తే దాన్ని పూర్తిగా మూసేసి, విండోస్ గుర్తున్న కీతో పాటు ఐ అక్షరం నొక్కండి. సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. యాప్స్, ఆ తర్వాత ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లండి. ఔట్‌లుక్ పక్కన మూడు చుక్కలు నొక్కి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఎంచుకోండి. కిందికి వస్తే రిపేర్, రీసెట్ అని రెండు బటన్లు కనిపిస్తాయి. ముందు రిపేర్ నొక్కండి, అది డేటా జోలికి పోదు. యాప్ తెరిచి చూసి, ఇంకా అలాగే ఉంటే అప్పుడు రీసెట్. అది యాప్ దాచుకున్నదంతా తుడిచేస్తుంది, మళ్లీ లాగిన్ కావాలి. చాలా ఏళ్ల తేదీలుంటే అన్నీ దిగడానికి కాస్త టైమ్ పడుతుంది. మధ్యలో పరేషాన్ అయి మళ్లీ రీసెట్ నొక్కకండి.

మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవాళ్లైనా, ఇంటి నుంచి పని చేసేవాళ్లైనా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఇవేమీ చేయకండి. కంపెనీ ఖాతాలకు వేరే నిబంధనలుంటాయి. మీ ఐటీ టీమ్‌కు చెప్పడమే మేలు.

మ్యాక్‌లో

ముందు క్యాలెండర్ యాప్ తెరిచి కమాండ్, ఆర్ కలిపి నొక్కండి. అది రిఫ్రెష్. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. యాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద రిఫ్రెష్ ఎంతసేపటికోసారి జరగాలో ఉంటుంది. "మాన్యువల్లీ" అని ఉంటే మీరు అడిగేదాకా అది కదలదు.

అయినా కుదరకపోతే ముందు ఒక కాపీ తీసుకోండి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్, అందులో క్యాలెండర్ ఆర్కైవ్. ఈ ఆర్కైవ్‌ను తిరిగి ఎక్కిస్తే ఇప్పుడున్నదంతా పోయి పాతది వచ్చి కూర్చుంటుంది. కాబట్టి అది ఆపదలో వాడుకోవడానికే. తర్వాత యాప్ మూసి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ అకౌంట్స్ తెరిచి, ఆ ఖాతా కింద క్యాలెండర్స్ స్విచ్ ఆఫ్ చేయండి. మ్యాక్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. సర్వర్ నుంచి అంతా కొత్తగా దిగుతుంది. లైబ్రరీ ఫోల్డర్‌లోకి దూరి ఫైళ్లు చేత్తో తీసేయమనే చిట్కాలు చాలా దొరుకుతాయి. వాటి చోటు ఒక్కో వెర్షన్‌లో ఒక్కోలా ఉంటుంది. స్విచ్‌తో అయ్యే పనికి అంత సాహసం ఎందుకు?

ఫోన్ వైపు

ఆండ్రాయిడ్‌లో గూగుల్ క్యాలెండర్ యాప్ సెట్టింగ్స్‌లో ప్రతి క్యాలెండర్‌కూ విడిగా సింక్ బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ సేవర్, డేటా సేవర్ వేసి ఉంచినా సింక్ నత్తనడకే. ఐఫోన్‌లో అయితే "ఫెచ్ న్యూ డేటా" అనే చోట మాన్యువల్ కాకుండా చూసుకోండి.

రెండేసి కనబడితే

ఒకే పండుగ రెండుసార్లు, ఒకే మీటింగ్ రెండుసార్లు వస్తుంటే చాలావరకు ఒకే క్యాలెండర్ రెండు దార్లలో యాప్‌లోకి వస్తున్నట్టు. ఒకదాన్ని డిలీట్ చేయకండి, టిక్కు తీసేయండి. ఒకచోట డిలీట్ చేసింది అన్నిచోట్లా పోతుంది. చేసేశారా? గూగుల్ క్యాలెండర్‌లో ట్రాష్ ఉంటుంది, 30 రోజుల వరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

లింక్ ఇచ్చి కలుపుకున్న క్యాలెండర్లది వేరే తీరు. ఉదాహరణకు ఔట్‌లుక్ క్యాలెండర్ లింకును గూగుల్‌లో పెట్టుకుంటే అది చూడటానికే పనికొస్తుంది, మార్చడానికి కాదు. కొత్త తేదీ కనబడటానికి గంటలు కూడా పట్టొచ్చు. దాన్ని సింక్ పాడైందనుకోవద్దు.

సింక్ బాగానే ఉన్నా టైమ్ తేడా వచ్చే సందర్భం ఇంకోటి ఉంది, అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఏటా రెండుసార్లు. డాలస్‌లో కొడుకు ప్రతి శనివారం రాత్రి 8 గంటలకు వీడియో కాల్ అని పెట్టాడనుకోండి. ఎండాకాలంలో అది మనకు ఆదివారం ఉదయం 6:30. నవంబర్ మొదటి ఆదివారం అక్కడి గడియారాలు వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాతి వారాంతం నుంచి కాల్ 7:30కి జరుగుతుంది. మార్చిలో రెండో ఆదివారం గడియారాలు ముందుకు తిప్పాక, ఆ తర్వాతి వారాంతం నుంచి మళ్లీ 6:30. క్యాలెండర్ చూపించేది కరెక్టే. "ఈ కంప్యూటర్ ఖరాబైంది" అని అమ్మానాన్న రీసెట్ చేయించుకుంటే మళ్లీ అదే టైమ్ చూపిస్తుంది.

తిథి ప్రకారం వచ్చేవాటితోనూ జాగ్రత్త. మేడారం జాతర రెండేళ్లకోసారి కదా అని "రిపీట్" పెట్టేస్తే తేదీ తప్పుతుంది. మాఘ పౌర్ణమిని బట్టి వస్తుంది కాబట్టి 2022లో ఫిబ్రవరి 16న, 2024లో ఫిబ్రవరి 21న మొదలైంది. ఇలాంటివి ఏ ఏటికాయేడు పంచాంగం చూసి రాసుకోవాల్సిందే.

కుదిరిందో లేదో చూసుకోవడం

కంప్యూటర్‌లో రేపటికి "టెస్ట్" అని ఒకటి రాయండి. ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి రిఫ్రెష్ చేస్తే కనబడాలి. ఇప్పుడు ఫోన్‌లో దాని టైమ్ మార్చి, కంప్యూటర్‌లో మారిందో లేదో చూడండి. రెండు వైపులా పరీక్షించడం ముఖ్యం, ఎందుకంటే ఒక వైపు మాత్రమే పనిచేసే సింక్ కూడా ఉంటుంది. రెండూ కుదిరితే ఆ టెస్ట్‌ను తీసేయండి.

ఇంత చేసినా కంప్యూటర్ యాప్ మొండికేస్తే, నా మటుకు నేను దాన్ని వదిలేయమనే చెప్తాను. క్రోమ్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, మెనూలోంచి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకోండి. అది నేరుగా సర్వర్‌లో ఉన్నదాన్నే చూపిస్తుంది.