చలికాలానికి బండి ఆపే ముందు: ఆయిల్, పెట్రోల్, బ్యాటరీ

నెలల తరబడి బండి ఆపేటప్పుడు వాడిన ఇంజన్ ఆయిల్‌ను అలాగే వదలకండి. అందులో చేరిన తేమ, ఆమ్లాలు బేరింగులను తినేస్తాయి. ఇంజన్ వేడెక్కించి ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి కాసేపు నడపాలి.

అసలు తలనొప్పి కార్బ్యురేటర్‌ది, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగానిది. ఇనుప ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించాలి, లేకపోతే లోపల తేమ పట్టి తుప్పొస్తుంది. అందులో పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలపాలి. కాసేపు నడిపాక పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె (ఫ్లోట్ బౌల్) కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్ మొత్తం దించేయాలి. మిగిలిన చుక్కలు జిగురై, ఐడిల్‌లో ఇంజన్‌కు పెట్రోల్ అందించే పైలట్ జెట్‌లోని అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రాన్ని మూసేస్తాయి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయడానికి వేసిన చోక్ ఆపగానే ఇంజన్ ఆగిపోతోందంటే నేను ముందు చూసేది ఆ జెట్‌నే.

ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ బదులు ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి ఇంజన్ బ్లాక్ పగులుతుంది. రెండేళ్లు దాటిన డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కూడా మార్చేయండి, అది తేమ పీలుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.4 వోల్టుల కంటే దిగితే చార్జింగ్ పెట్టాలి.