లినక్స్ ఎక్కించేటప్పుడు ఒక్క డిస్కే కనిపిస్తోందా? చెయ్యి ఆపండి

పోయిన వారం మా వీధిలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు కొత్త కంప్యూటర్‌లో ఉబుంటు (ఒక రకం లినక్స్) ఎక్కించబోయి వాళ్ల నాన్నగారి పాత హార్డ్ డిస్క్ తుడిచిపెట్టేశాడు. అక్క పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు అన్నీ అందులోనే ఉన్నాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి లినక్స్ గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే ఇది రాస్తున్నాను. బ్యాకప్ సంగతి మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను.

ఆ కంప్యూటర్‌లో 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో చేసిన వేగమైన కొత్త రకం డిస్క్) ఉంది. పాత ఫైళ్లు కాపీ చేసుకుందామని పక్కనే 1 టీబీ పాత డిస్క్ కూడా బిగించాడు. ఇన్‌స్టాలర్‌లో మాత్రం ఒక్కటే కనిపించింది. కొత్తదే అనుకుని 'ఎరేజ్ డిస్క్' నొక్కాడు. కనిపించింది పాతది. కొత్తది ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ మోడ్ వెనక దాగి ఉంది. ఒక్కటే కనిపించింది కాబట్టి అదే కొత్తది అనుకోవడం, ఇదే కొంప ముంచే తప్పు. ఇలా డేటా పోగొట్టుకున్నవాళ్లను ఇంతకుముందూ చూశాను.

డిస్క్ కనిపించకపోతే

బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో, స్టోరేజ్ మోడ్ చూడండి. ఆర్‌ఎస్‌టీ, రెయిడ్, వీఎండీ అని ఉంటే కొన్ని ఇన్‌స్టాలర్లకు ఎస్‌ఎస్‌డీ కనబడకపోవచ్చు. ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే కనబడుతుంది. అయితే అందులో విండోస్ ఉంటే తొందరపడి మార్చకండి, అది బూట్ కాకుండా పోవచ్చు. ముందు 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. తర్వాత విండోస్‌ను సేఫ్ మోడ్‌లో (అతి తక్కువ డ్రైవర్లతో) లేచేలా సెట్ చేసి, అప్పుడు బయోస్‌లో మార్చండి. ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక మామూలు బూట్‌కి తిప్పేయొచ్చు.

ఎర్రర్లు వస్తుంటే

ఎర్రర్ ఏ డిస్క్‌దో ముందు తేల్చుకోండి. మెసేజ్‌లో 'స్క్వాష్‌ఎఫ్‌ఎస్' (ఇన్‌స్టాల్ ఫైళ్లను కుదించి పెట్టిన మూట) అని ఉంటే అనుమానించాల్సింది పెన్‌డ్రైవ్‌ను, లేదా సరిగా దిగని ఐఎస్‌ఓ ఫైల్‌ను (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే లినక్స్ ఫైల్). పాపం కొత్త ఎస్‌ఎస్‌డీని తిట్టి లాభం లేదు. చెక్‌సమ్ (ఫైల్ సరిగా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిచూసి, వేరే పెన్‌డ్రైవ్‌తో వేరే పోర్ట్‌లో ప్రయత్నించండి.

డిస్క్ మీదే అనుమానం ఉంటే స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) తీయండి. 'యూడీఎంఏ సీఆర్‌సీ' అంకె పెరుగుతోందంటే చాలావరకు డిస్క్‌ను బోర్డుకి కలిపే సాటా కేబుల్‌దే లోపం. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, ఇక పెరగకపోతే చాలు. 'రీఅలొకేటెడ్', 'పెండింగ్ సెక్టార్' (డిస్క్‌లో పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క) దగ్గర సున్నా కాకుండా ఏదైనా ఉందా? కొత్త డిస్క్ అయితే రిపేర్ జోలికి పోకండి, వాపసు ఇచ్చేయండి.

ఇక మిగతావి వరసగా చెబుతాను, ఒక్కటీ వదలకండి.

- ఇన్‌స్టాల్‌కి ముందు పాత డిస్క్ కేబుల్ పీకేయండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి పీకండి.
- లినక్స్ డిస్క్‌లకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు నమ్మకండి. బూట్ బూట్‌కీ మారిపోతాయి. సైజు, మోడల్ నంబర్ చూడండి.
- విండోస్‌ను ఉంచి దాని పక్కనే లినక్స్ ఎక్కిస్తుంటే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా త్వరగా లేచే సౌకర్యం) ఆపేయండి.
- మౌంట్ అయి (వాడుకలో) ఉన్న పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్‌లో తప్పులు సరిచేసే కమాండ్) నడపకండి.
- నెట్‌లో దొరికిన డీడీ (డిస్క్ మీద నేరుగా రాసేసే) కమాండ్ అర్థం కాకుండా కొట్టకండి.
- డిస్క్ టకటక చప్పుడు చేస్తే వెంటనే పవర్ ఆపేయండి.
- ఒక్క డిస్కే కనిపిస్తోందా? ఆగండి. అది ఏదో తేలేదాకా 'ఎరేజ్' నొక్కొద్దు.
- నొక్కేశారా? ఆ క్షణమే ఆపేయండి. టెన్షన్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టకండి. హార్డ్ డిస్క్‌లో కొత్త డేటా పడని చోట పాతది ఇంకా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ (చెరిపిన చోటును డిస్క్ నిజంగానే ఖాళీ చేసేయడం) జరిగిపోతే ఆశ బాగా తక్కువ.
- ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కి తగిలించి, అంతకన్నా పెద్ద డిస్క్‌లోకి డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో పూర్తి కాపీ తీయండి. పోయిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ ప్రోగ్రామ్‌ను ఆ కాపీ మీద నడపండి, అసలు డిస్క్ మీద కాదు.