పన్ను ఊడిన చోట ఏం పెట్టాలి? కొలతలే చెప్తాయి

కింద పెద్ద దవడ పన్ను లేని పేషెంటొస్తే, అది పుచ్చి తీయించారా, కదిలి ఊడిందా అని ముందు అడగండి. చిగుళ్ల జబ్బయితే అది అదుపులోకి వచ్చాకే మిగతా మాట.

ఏళ్లు గడిస్తే వెనక పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. పళ్లు కరిపించి చూడండి. పైన చోటు లేకపోతే క్యాప్ కూర్చోదు.

4 మి.మీ. వెడల్పున్న ఇంప్లాంట్‌కు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) పళ్ల మధ్య కనీసం 7 మి.మీ. ఉండాలి: రెండు పక్కలా ఒకటిన్నర మి.మీ. ఖాళీ చొప్పున. సీబీసీటీలో (దవడ 3డీ ఎక్స్‌రే) నరం కాలువను గుర్తించి, ఇంప్లాంట్‌ను దానికి కనీసం 2 మి.మీ. పైనే ఆపండి. లేదంటే నరం దెబ్బతిని పెదవి మొద్దుబారొచ్చు. షుగర్ అదుపులో లేకపోతే తొందరపడొద్దు. పొగాకు అలవాటు తెలియాలంటే హైదరాబాద్‌లో ‘సిగరెట్ తాగుతారా’ అంటే సరిపోదు. గుట్కా, జర్దా పేరుపెట్టి అడగాలి.

పక్క పళ్లకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగులుంటే బ్రిడ్జే (పక్క పళ్లను అరగదీసి వాటి మీద నిలిపే కట్టుడు పన్ను) మేలు. మంచి పళ్లను అరగదీయడం మాత్రం మాకు ఇష్టముండదు. నల్గొండ వైపు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై దెబ్బతిన్న) పళ్లకు రెజిన్ అనే జిగురుతో అతికించే బ్రిడ్జి సరిగా పట్టకపోవచ్చు, త్వరగా ఊడిరావచ్చు. ఖర్చు భరించలేనివారికి తీసిపెట్టుకునే సెట్టు ఉంది. రాత్రి తీసి నీళ్లలో ఉంచమనండి.