పికప్ బండి డీజిల్ ఎక్కువ తాగుతోందా? మైలేజీ ఇలా పెంచుకోండి

మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా లోడు ఎత్తుకుని తిరుపతికో చెన్నైకో పోయే పికప్ డ్రైవరును కదిలిస్తే మొదట వచ్చేది డీజిల్ మాటే. కిరాయి మన చేతిలో లేదు, ఈఎంఐ ఆగదు. లీటరుకు బండి ఎంత దూరం పోతుందన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 11 ఇస్తే 273 లీటర్లు కావాలి. అదే 13 ఇస్తే 231 చాలు. నెలకు 42 లీటర్ల డీజిల్ మిగిలినట్టే. ఆ డబ్బుతో ఇంట్లో బియ్యం, పాలు గడిచిపోతాయి.

నేను బొలేరో పికప్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను. దోస్త్, యోధా, ఇంట్రా ఉన్నవాళ్లకూ దాదాపు ఇవే పనికొస్తాయి.

1. ముందు కొలవండి

బంకులో ట్యాంకు ఫుల్ చేయించండి. నాజిల్ తనంతట తాను టక్కున ఆగిపోయాక ‘ఇంకో వందకు పొయ్యి’ అనొద్దు, అక్కడే లెక్క తప్పుతుంది. రీడింగు ఒక పాకెట్ పుస్తకంలో రాసుకోండి. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. లోడుతో పోయారా, ఖాళీగా వచ్చారా, ఘాట్ తగిలిందా అన్నది పక్కనే రాయండి. మూడు ట్యాంకుల సగటు చూశాకే మీ బండి అసలు మైలేజీ తెలుస్తుంది.

కింద చెప్పేవాటిలో ఒకసారికి ఒక్కటే మార్చండి. గాలి, ఆయిలు, ఫిల్టరు అన్నీ ఒకేరోజు మారిస్తే దేనివల్ల ఎంత కలిసొచ్చిందో ఎప్పటికీ తేలదు.

2. టైర్లలో గాలి

డ్రైవరు డోరు పక్కనో, బండితో వచ్చిన పుస్తకంలోనో ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు లోడుతో ఎంత, ఖాళీగా ఎంత అని రాసి ఉంటుంది. అదే పెట్టించండి, పంక్చర్ షాపాయన అంచనా మీద కాదు. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. యాభై కిలోమీటర్లు తిరిగొచ్చాక వేడికి గాలి ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందనుకుని మోసపోతాం. ముందు టైర్లు ఒక పక్కే అరుగుతుంటే అలైన్‌మెంట్ చేయించండి.

3. వేగం

వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దానికి వర్గంగా పెరుగుతుంది. 60లో ఉన్నదానికి 80లో దాదాపు 1.8 రెట్లు అవుతుంది. పికప్ ముందుభాగం గోడలా ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ నేరుగా డీజిల్ మీదే పడుతుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద 120 కిలోమీటర్లకు 80తో గంటన్నర, 60తో రెండు గంటలు. అరగంటే తేడా, ఆ అరగంట ముందు బయల్దేరండి. పట్ట కూడా గాలికి ఎగరకుండా తాడుతో బిగించి కట్టండి.

ఇంజను గీపెట్టేదాకా ఒకే గేరులో లాగొద్దు. 2,000 ఆర్‌పీఎం లోపే గేరు మార్చేయండి. టాప్ గేరులో ఇంజను దడదడలాడుతుంటే మాత్రం ఒక గేరు దించాల్సిందే. అన్‌లోడింగ్ దగ్గర పావుగంట ఆగాల్సి వస్తే ఇంజను ఆపేయండి.

4. ఘాట్‌లో న్యూట్రల్ వద్దు

ఈ ఒక్క విషయం కాస్త ఓపిగ్గా చదవండి. మదనపల్లె వైపు నుంచి తిరుపతికి పోతూ భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు గేరు న్యూట్రల్ చేసి వదిలేసేవాళ్లు ఎందరో. కొందరు ఇంజను కూడా ఆపేస్తారు. డీజిల్ మిగులుతుందని నమ్మకం. కామన్ రైల్ ఇంజనులో, అంటే కంప్యూటరు కొలిచి డీజిల్ పోసే ఇంజనులో, జరిగేది దానికి తలకిందులు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అది గమనించి కంప్యూటరు ఇంజెక్టర్లకు డీజిల్ ఆపేస్తుంది. అంటే ఆ దిగుడంతా ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా తిరగడానికి డీజిల్ పోయాల్సిందే.

పైగా న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి డ్రమ్ములు కాగిపోతాయి, పెడల్ తొక్కినా బండి ఆగదు. ఇంజను కూడా ఆపేస్తే బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగు కూడా పనిచేయవు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దిగేటప్పుడూ అదే గేరులో దిగండి.

5. షెడ్డులో చూడాల్సినవి

నా బండి ఒకసారి ఉన్నట్టుండి 13 నుంచి 11కి పడిపోయింది. ఇంజెక్టర్లు పోయాయని ఒకరు, పంపు పోయిందని ఇంకొకరు అన్నారు. చివరికి తేలిందేమిటంటే, అంతకుముందు సర్వీసులో వెనక ఎడమ బ్రేకు మరీ బిగించేశారు. మీరే పరీక్షించుకోవచ్చు. పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపండి. ఒక్కో చక్రం మధ్యభాగం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి, తాకొద్దు. ఒకటి మిగతావాటికంటే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టే. మిగతా చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, దాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ఖాయంగా తెలుస్తుంది.

ఇంకోటి, మన ఎండలకు వేడెక్కుతుందని కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ తీసేస్తారు. ఇంజను సరైన వేడికి వచ్చేదాకా కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది అదే. అప్పుడు ఇంజను ఉండాల్సిన వేడికి రాదు, చల్లటి ఇంజను డీజిల్ ఎక్కువ తాగుతుంది. గంట నడిపినా టెంపరేచర్ ముల్లు కిందే ఉంటే ఆ సంగతి అడగండి. వేడెక్కడం నిజమైతే రేడియేటరు కడిగించాలి, కూలెంట్ చూడాలి.

మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో చెప్పినదానికంటే ముందే మూసుకుపోతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్-6 బండిలో దాని లైటు వెలిగితే ఇంజను ఆపకుండా, లైటు ఆరేదాకా రోడ్డు మీద నిలకడగా నడపండి. మధ్యలో ఆపేస్తే ఆ మసిని కాల్చి ఫిల్టరును శుభ్రం చేసే పని మళ్లీ మొదటికొస్తుంది, డీజిల్ దండగ.

6. లోడు

1.3 టన్నులు, 1.7 టన్నులు అని రకాలున్నాయి, మీదేదో ఆర్సీ చూసి తెలుసుకోండి. కమాను కట్టలకు అదనపు పట్టీలు వేయిస్తే బండి వంగదేమో గానీ ఇంజను బలం పెరగదు. ఓవర్‌లోడ్‌కు 2019లో సవరించిన చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఒక్కసారి పట్టుబడితే నెలల తరబడి మిగిల్చిన డీజిల్ డబ్బులు పోతాయి. ఖాళీగా వచ్చేటప్పుడు తడిసిన పట్టలు, పాత సామాను దించేసి రండి.

డీజిల్‌లో కిరోసిన్ కలపమని ఎవరు చెప్పినా వినొద్దు. కామన్ రైల్ పంపుకు డీజిలే నూనె. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు, పంపు లోపల అరిగి ఆ పొడి ఇంజెక్టర్లలోకి పోతుంది. డీజిల్ పైపుకు తగిలించే మైలేజీ అయస్కాంతాలంటూ అమ్మేవాటి మీద డబ్బు పెట్టేబదులు డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు తీయించండి, ఆ డబ్బుతో కొత్త ఎయిర్ ఫిల్టరు కొనండి.